వెనక సీటు లేని బండి

లోవమ్మకు మోపెడ్ తోలడం రాదన్న సంగతి కొవ్వూరులో గోదావరి గట్టు పొడవునా అందరికీ తెలుసు. తెలియకపోవడానికి వీల్లేదు. పడినప్పుడల్లా ఆమె ఎవరో ఒకరి సరుకు మీదే పడింది. మొదటిసారి కొబ్బరిబోండాల కుప్ప మీద. రెండోసారి ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుకలో. మూడోసారి సూర్యప్రకాశం మాస్టారి ఇంటి ముందు చాప మీద ఎండబెట్టిన గుమ్మడికాయ వడియాల మీద. బోండాలవాడు నవ్వి ఊరుకున్నాడు. ఇసుకవాళ్లు చెయ్యందించి లేపారు. వడియాలు మాత్రం పెద్ద గొడవైపోయాయి. ఎందుకంటే లోవమ్మ చేపలమ్మే మనిషి, మాస్టారింట్లో ఉల్లిపాయ కూడా వారానికి నాలుగు రోజులే కోస్తారు.

"పడితే పడ్డావు గానీ తల్లీ, ఆ పక్కింటివాళ్ల అప్పడాల మీద పడకూడదూ?" అంది మాస్టారి భార్య నాగేశ్వరి గారు, వడియాలన్నీ ఎత్తి ఆవుకు పెట్టేస్తూ.

"ఈసారి చూసుకుని పడతానండి," అంది లోవమ్మ మోచేతికంటిన పిండి దులుపుకుంటూ.

తమాషా ఏంటంటే, లోవమ్మ కిందపడే రకం మనిషి కాదు. పద్దెనిమిదో ఏట పెళ్లయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి నెత్తిన చేపల టబ్బు మోస్తోంది. ఇప్పుడామెకు ముప్పై అయిదు. ఇరవై కేజీల టబ్బు నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో ఫోను చెవికి ఆనించి, ఇంకో చేత్తో బొడ్డు సంచిలోంచి చిల్లర తీస్తూ రైలు పట్టాలు దాటేస్తుంది. పదిహేడేళ్లలో ఒక్క రొయ్య జారిపడలేదు. అలాంటి మనిషిని ఆ బుల్లి బండి పదడుగులు పోనివ్వకుండా పడేస్తోంది.

పడుతున్నప్పుడు మానెయ్యొచ్చుగా అంటారేమో. మానడానికి లేదు.

తెల్లవారగానే పడవలు రేవుకొస్తాయి. అక్కడే వేలం. ఆరున్నరకల్లా అయిపోతుంది. లోవమ్మ చేప మొప్ప ఎత్తి చూసిందంటే అది ఎప్పుడు వలలో పడిందో చెప్పేస్తుంది. ఆమె చెయ్యేసిన కుప్ప మీద మిగతావాళ్లు కూడా పాట పెంచుతారు, అంత నమ్మకం. గోదావరికి అవతల, రాజమండ్రి దానవాయిపేటలో రెండు వీధులు ఆమెవి. ముప్పై రెండు వాడుక ఇళ్లు. రేవులోనే ఫోటో తీసి ఫోనులో పెడితే, "నాకో కేజీ శీలావతి", "మాకు బొమ్మిడాయిలు, తోలు తీసి" అంటూ మంచాల మీంచే ఆర్డర్లు పెట్టేస్తారు. సరుకుంది, కొనేవాళ్లున్నారు. మధ్యలో గోదావరి ఉంది.

బస్సు కండక్టరు చేపల టబ్బు కనపడితే చాలు, తలుపు వేయించేస్తాడు. ఆటోవాళ్లు ఎక్కించుకుంటారు గానీ వాసనకో రేటు, నీళ్లు కారితే ఇంకో రేటు. మిగిలింది పాసింజరు రైలు. అది ఎనిమిదింటికి రావాలి. రావాలి, అంతే, వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అవతల దిగి, నడిచి, మొదటి గుమ్మం ఎక్కేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆఫీసులకు పోయి తలుపుకు తాళం వేలాడుతుంటుంది. "రేపు చూద్దాంలే లోవమ్మా" అని మెసేజ్ వస్తుంది. చేపకి రేపు ఉండదు. మిగిలిన సరుకు మధ్యాహ్నం మార్కెట్లో అడిగినవాడికి అడిగిన రేటుకి వదిలించుకోవాలి. ఏడింటికి అవతలి ఒడ్డున ఉండగలిగితే లోవమ్మ బతుకే వేరు. అందుకు ఒక బండి కావాలి, దానికో ఐసు పెట్టె కావాలి.

ఇంట్లో మగదిక్కు లేదా అంటే, ఉండీ లేదు. మొగుడు అమ్మిరాజు అయిదేళ్ల కిందట విశాఖపట్నం హార్బరుకు మరబోట్ల పనికి పోయాడు. కొన్నాళ్లు డబ్బు పంపాడు. తర్వాత కబుర్లు పంపాడు. ఆ తర్వాత అక్కడ ఇంకో కాపురం పెట్టాడని ఆ నోటా ఈ నోటా తెలిసింది. లోవమ్మ రెండు రోజులు ముసుగుతన్ని పడుకుని, మూడో రోజు వేలానికి వెళ్లింది.

విచిత్రం ఏంటంటే, కొడుకు పోయాడు గానీ అత్త పోలేదు. "నా మంచం ఇక్కడుంది, నా మనవరాలిక్కడుంది. నేనెక్కడికీ కదల్ను," అని సంపూర్ణమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. తొమ్మిదో క్లాసు చదివే బేబీని లేపడం, జడలెయ్యడం, క్యారేజీ కట్టి స్కూలుకు తోలడం అంతా ఆవిడే. కోడలు చీకటితో గడప దాటగలుగుతోందంటే వెనక ముసలమ్మ ఉండబట్టే. ఈ మాట లోవమ్మ పదిమందికి చెబుతుంది. సంపూర్ణమ్మ ఇరవైమందికి చెబుతుంది.

అలాంటి రోజుల్లో మత్స్యకారుల సంఘానికి ఒక పథకం వచ్చింది. చేపలమ్ముకునే ఆడవాళ్లకు మోపెడ్, వెనక ఐసు పెట్టె బిగించి ఇస్తారు. సగం ప్రభుత్వం భరిస్తుంది, సగం మనం కట్టుకోవాలి. లోవమ్మ పోస్టాఫీసులో తన పేరున దాచుకున్నది సరిగ్గా ఆ సగానికి సరిపోయింది. ఊరికి ఆరు బండ్లు. జాబితాలో ఆరో పేరు ఆమెది.

సంఘం కార్యదర్శి వెంకటరాజు కాగితాలన్నీ చూసి కళ్లజోడు పైకి నెట్టాడు.

"అన్నీ బావున్నాయమ్మా. లైసెన్సు కావాలి. ఇరవై అయిదో తారీకు లోపు. లేకపోతే నీ బండి ఏడో పేరుకు పోద్ది."

"నేర్చుకోడానికి ఎల్లెల్లారు తీశానండి. టెస్టుంది."

"అదంతా ఎందుకమ్మా? నీదే ఉండాలని ఏం లేదు. రేషను కార్డులో ఉన్నవాళ్లెవరిదైనా చాలు." కంప్యూటర్లో వేలు పెట్టి చూపించాడు. "ఇదుగో, అమ్మిరాజు. వాడికి లైసెన్సు ఉందిగా. ఓ సంతకం పడేయించు, రేపే బండి తీసుకెళ్లు."

"ఆయన కార్డులో ఉన్నాడండి," అంది లోవమ్మ. "ఇంట్లో లేడు."

"మిగతా అయిదుగురూ అలాగే చేశారమ్మా!"

నిజమే. అయిదు బండ్లు ఆడవాళ్ల పేర్ల మీద వచ్చాయి, అయిదింటినీ మొగుళ్లు తోలుతున్నారు. రెండింటికి ఐసు పెట్టెలు కూడా ఊడిపోయాయి. ఒకడు పెట్టె ఇంట్లో బియ్యానికి వాడుకుంటూ బండేసుకుని సినిమాలకు తిరుగుతున్నాడు. పెళ్లాం మళ్లీ పాసింజరు బండిలోనే.

లోవమ్మ కాగితాలు తీసుకుని బయటికొచ్చేసింది. బండి తోలడం నేర్పేవాళ్లు దొరకాలి, ముందు బండి దొరకాలి. దొరికింది, ఎవరూ అనుకోని ఇంట్లో. బేబీ లెక్కలకు వెళ్లేది సూర్యప్రకాశం మాస్టారి దగ్గరికే. ఆయన ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులతో ఆయన మోపెడ్ రెండేళ్లుగా వసారాలో దుమ్ము తింటోంది. బేబీ నోటమ్మట సంగతి విని ఆయనే కబురు పెట్టాడు.

"బండి ఇస్తాను, నేర్పుతాను. ఒక్కటే షరతు. దాని మీద చేప పెట్టకూడదు."

"ఆయ్, పెట్టనండి."

"చేప గురించి ఆలోచించకూడదు కూడా."

"అది కష్టమండి," అంది లోవమ్మ నిజాయితీగా.

మాస్టారు గట్టు మీద కుర్చీ వేయించుకుని పాఠం మొదలెట్టాడు. "చూడు లోవమ్మా, గరిమనాభి ఎంత కిందికుంటే వస్తువు అంత స్థిరంగా ఉంటుంది. కాబట్టి నువ్వు ఒంటిని కిందికి వంచి, చూపు చక్రం మీద పెట్టి..."

"అలాగేనండి," అనేది. ఒంటిని కిందికి వంచేది. చూపు చక్రం మీద పెట్టేది. పడేది. పడ్డప్పుడల్లా ఆయన గరిమనాభిని ఇంకో రెండంగుళాలు కిందికి దించేవాడు. చివరికి ఆమె హ్యాండిల్ మీద గడ్డం పెట్టుకుని తోలేదాకా వచ్చింది.

పదిహేడో తారీకున టెస్టు. నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో గీత గీసి ఉంటుంది. కాలు కింద పెట్టకుండా దాని వెంబడి తిరిగి రావాలి. లోవమ్మ ఎనిమిదిలో సగం కూడా పూర్తి చెయ్యలేదు. మూడుసార్లు కాలు పెట్టింది, నాలుగోసారి రాళ్ల వరస గుద్దింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు మంచివాడే. నవ్వలేదు. "ఏం ఫర్వాలేదమ్మా, ఇరవై నాలుగున మళ్లీ రండి. నేల వంక చూడకండి," అన్నాడు. నేల వంక చూడకపోతే ఏం చూడాలో చెప్పలేదు.

ఇరవై నాలుగున మళ్లీ టెస్టు. ఇరవై అయిదు ఆఖరి రోజు. ఇక అదే అవకాశం.

ఈలోగా వెంకటరాజు తన మంచితనం తాను చూపించుకున్నాడు. విశాఖపట్నానికి ఫోన్ చేశాడు. మర్నాడు మధ్యాహ్నం లోవమ్మ అన్నం తింటుంటే ఫోను మోగింది. రెండేళ్లుగా చూడని నంబరు.

"ఏమే, బండి వచ్చిందంట కదా," అన్నాడు అమ్మిరాజు, పొద్దున ఇంట్లోంచి వెళ్లి మధ్యాహ్నం పలకరిస్తున్నట్టు.

"ఇంకా రాలేదు."

"వత్తాదిలే. నే వచ్చేత్తాను. ఇక్కడ అదంతా తెగిపోయింది. బండి నేను తోల్తాను. ఎండలో నువ్వేం తిరుగుతావు, ఇంట్లో కూకో."

ఇంట్లో కూర్చోమని లోవమ్మతో ఎవరైనా అని ఎన్నేళ్లయిందో. కాళ్ల పగుళ్లు గుర్తొచ్చాయి. పాసింజరు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ గంటలు గుర్తొచ్చాయి. ఒక్క సంతకం. అంతే. వెంటనే ఇంకోటి కూడా తోచింది. బండి తాళం ఆయన జేబులో ఉంటుంది. వాడుక ఇళ్లు ఆయన ఫోనుకు చేస్తాయి. మళ్లీ ఏ రోజైనా ఆయనకు సముద్రం మీద గాలి మళ్లితే, ఆ బండేసుకునే పోతాడు.

"ఆలోచించి చెబుతాను," అని పెట్టేసింది.

ఎదురుగా సంపూర్ణమ్మ కూర చట్టి గీకుతోంది. అంతా విన్నది. లోవమ్మకు భయం వేసింది. ఎంత కాదన్నా కన్నకొడుకు.

"అత్తా, రమ్మనమంటావా?"

"వాడు నా కొడుకు. వద్దని నా నోటితో ఎలా అంటానే? వత్తే అన్నం పెడతాను." ముసలమ్మ గరిటె చట్టిలో పడేసింది. "మీ మావకి పడవ కొనింది ఎవరో తెలుసా?"

"నువ్వేనన్నారు."

"పదకొండేళ్లు గంప మోసి కొన్నాను. కొని, దాని మీద ఆయన పేరు రాయించాను. పచ్చ రంగేయించి, ఇంతింత అచ్చరాలతో. మొగోడి పేరుంటే గౌరవంగా ఉంటదని. నాలుగేళ్లకి యానాంలో ఎవడికో అమ్మేసి వచ్చాడు. నేనేడిస్తే, 'పేరు నాది కదే' అన్నాడు. అదీ నిజమే, పేరు ఆయనదే." లేచి చేతులు కడుక్కుంది. "రేపు ఆ బండి నేర్చుకునే కాడికి నేనూ వత్తాను. అసలెందుకు పడతన్నావో నాకర్తం కావట్లేదు."

మర్నాడు వేలం, రాజమండ్రి అన్నీ ముగించుకొచ్చాక సాయంత్రం గట్టు మీదికి నలుగురూ చేరారు. మాస్టారు కుర్చీలో. నాగేశ్వరి గారు దూరంగా, కొత్త వడియాల చాప పక్కన కాపలాగా. బేబీ బండి వెనక పరుగెత్తడానికి సిద్ధంగా. సంపూర్ణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని.

లోవమ్మ బండెక్కింది. ఒంటిని వంచింది. చూపు చక్రం మీద పెట్టింది. బండి పాములా ఆరడుగులు మెలికలు తిరిగింది.

"కిందకి చూత్తావేంటే!" అని అరిచింది సంపూర్ణమ్మ. "గంప పడిపోద్ది!"

బండి ఆగింది. బేబీ పకపకా నవ్వింది. "గంపెక్కడుంది నాయనమ్మా?"

ముసలమ్మ నవ్వలేదు. కోడలి వంక, బండి వంక మార్చి మార్చి చూసింది. ఈ పిల్లకు గంప ఎత్తడం నేర్పింది తనే. కొత్తలో నెలరోజులు రేవు నుంచి ఇంటిదాకా వెనకే నడిచి, తల దించినప్పుడల్లా గంప పడిపోద్దని కేకేసేది. బరువు నెత్తిన ఉంటే మనిషి కాళ్ల వంక చూడదు. ఎదర చూస్తుంది. మెడ నిటారుగా నిలబడితే ఒళ్లంతా దాని కింద సర్దుకుంటుంది.

"బేబీ, ఎల్లి మీయమ్మ టబ్బు అట్రా. తువ్వాలు తడిపి తే."

"సంపూర్ణమ్మా, అది ప్రమాదం," అన్నాడు మాస్టారు లేవబోతూ. "నెత్తిన బరువు పెడితే గరిమనాభి పైకిపోతుంది. శాస్త్రప్రకారం..."

"మీరు కూకోండి బాబూ. మీ శాస్త్రం వారం నుంచి దీన్ని పడేత్తానే ఉంది."

తడి తువ్వాలును మెలిపెట్టి చుట్టకుదురు చుట్టింది. నెత్తిన బరువు కుదురుగా నిలవడానికి చేపలమ్మే ఆడవాళ్లందరూ పెట్టుకునే గుడ్డచుట్ట అది. దాన్ని కోడలి తల మీద పెట్టి, దాని మీద ఖాళీ టబ్బు, టబ్బులో నాలుగు దోసిళ్ల ఇసుక. లోవమ్మ మెడ దానంతటదే లేచి నిలబడింది. చూపు తిన్నగా గట్టు చివరున్న రైలు వంతెన మీదికి పోయింది.

"పోనీ," అంది అత్త.

పోయింది. ఆరడుగులు, పదడుగులు, బోండాల కుప్ప దాటి, ఇసుక దాటి, వడియాల చాప పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుని పోతూనే ఉంది. ఎదురుగా సైకిలు మీద వస్తున్నవాడు, నెత్తిన టబ్బుతో మోపెడ్ మీద దూసుకొస్తున్న ఆడమనిషిని చూసి తనే సైకిలు దిగి పక్కకు తప్పుకున్నాడు. వెనక్కి తిరిగొచ్చి ఆపిందాకా టబ్బు కదల్లేదు. నాగేశ్వరి గారు చప్పట్లు కొట్టింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "నలభై ఏళ్లు పాఠం తిరగేసి చెప్పానా ఏంటి?" అని తనలో తను గొణుక్కున్నాడు. కాసేపటికి తేరుకుని అసలు చిక్కు ఆయనే బయటపెట్టాడు.

"అంతా బావుంది గానీ, టెస్టులో నెత్తిన టబ్బు ఒప్పుకోరు. హెల్మెట్ పెట్టుకోవాలి."

అందరూ ఒక్క నిమిషం నీరుగారిపోయారు. మాస్టారి హెల్మెట్ ఉంది. పాతకాలంది, ఇనప బూరెమూకుడంత బరువు. అది లోవమ్మ తలకు పెడితే ముక్కుదాకా దిగి గిరగిరా తిరిగింది. లోపల ఇంకో తల పట్టేంత ఖాళీ.

"ఆ ఖాళీలో చుట్టకుదురు పెట్టెయ్యమ్మా," అంది బేబీ.

తడి చుట్టకుదురు తల మీద, దాని మీద హెల్మెట్. సరిగ్గా దిగింది. తడిగుడ్డ బరువు, హెల్మెట్ బరువు కలిసి నెత్తిన కూర్చునేసరికి లోవమ్మ ఒళ్లు టబ్బు మోస్తున్నాననుకుంది. మెడ లేచింది. ఆ నాలుగు రోజులూ గట్టు మీద ముగ్గుపిండితో ఎనిమిది గీసుకుని తిరిగింది. ఆ ముగ్గు కూడా నాగేశ్వరి గారే వేసిపెట్టింది, మధ్యలో రెండు పువ్వులతో సహా.

ఇరవై నాలుగున ఎండ నిప్పులు చెరిగింది. వరసలో అందరూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, మధ్యలో ఈమె. తడి ఆరిపోతుందేమోనని లోవమ్మ సీసాలో నీళ్లు తెచ్చుకుని, తన పేరు పిలిచేముందు చుట్టకుదురు మీద ధారగా పోసుకుని హెల్మెట్ తగిలించింది. నీళ్లు నుదుటి మీంచి, చెంపల మీంచి గడ్డం దాకా కారుతున్నాయి.

బ్రేకు ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టాడు. కంగారుపడ్డాడు. "అయ్యో, ఏడవకండమ్మా! రాకపోతే మళ్లీ వారం..."

"ఏడుపు కాదండి. చుట్టకుదురు కారతందండి."

"ఏంటి?"

"తర్వాత చెప్తానండి. పోనివ్వమంటారా?"

పోనిచ్చింది. ఎదర గోడ మీద ఏదో బ్యాంకు ప్రకటనలో నవ్వుతున్న పిల్ల కళ్లలోకి సూటిగా చూస్తూ మొదటి సున్నా తిరిగింది. మలుపులో బండి కొంచెం ఒరిగింది. వరసలో ఒక కుర్రాడు "పడింది, పడింది" అన్నాడు. ఇరవై కేజీలు నెత్తిన ఉండగా రైలు డబ్బా మెట్టు మీద ఎలా నడుం సర్దుకుంటుందో అలాగే సర్దుకుంది. రెండో సున్నా కూడా తిరిగి మొదలెట్టిన గీత దగ్గరే ఆగింది. ఆగాకే కాలు పెట్టింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి, "ఇప్పుడు చెప్పండి, ఆ కారేదేంటి?" అన్నాడు. హెల్మెట్ తీసి చూపించింది. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వి నవ్వి, గొంతు తగ్గించి, "బొమ్మిడాయిలు ఏ రోజుల్లో వస్తాయమ్మా మీకు?" అని అడిగాడు. ముప్పై మూడో ఇల్లు అక్కడే తయారైంది.

వెంకటరాజు టేబుల్ మీద లైసెన్సు కాగితం ఇరవై అయిదు పొద్దున పదింటికే పడింది. "అమ్మిరాజు సంతకం కూడా అవసరం పడలేదన్నమాట," అన్నాడు కాస్త చిన్నబోయి.

"నాదుందిగా అండి, సంతకం," అంది లోవమ్మ. పెట్టేసి వచ్చింది.

బండి వచ్చింది. వెనక సీటు తీసేసి ఆ చోట తెల్లటి ఐసు పెట్టె బిగించారు. దాని మీద ఏం రాయించాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. బేబీ 'ఫ్రెష్ ఫిష్' అంది. లోవమ్మ 'బేబీ చేపలు' అంది. సంపూర్ణమ్మ ఇద్దర్నీ కసిరి, పెయింటరు పక్కనే స్టూలేసుకుని కూర్చుని, పచ్చ రంగుతో, ఇంతింత అక్షరాలతో 'లోవమ్మ' అని రాయించింది. కింద ఫోను నంబరు. ఆవిడకు చదవడం రాదు. అయినా అక్షరాలు నాలుగుసార్లు వేలితో తడిమి చూసుకుంది.

ఆ వారాంతానే అమ్మిరాజు దిగాడు. ఎవరూ పిలవలేదు. భుజాన సంచి, చేతిలో బేబీకి ఒక చాక్లెట్ పొట్లం. బేబీ దాన్ని తీసుకుని, "నేనిప్పుడు తొమ్మిది నాన్నా," అంది. ఎన్నో క్లాసో ఆయన అడగలేదు కాబట్టి తనే చెప్పింది.

సంపూర్ణమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. అన్నం పెట్టింది. చేపల పులుసు పెట్టింది. రెండోసారి వడ్డించింది కూడా. రాత్రి అరుగు మీద పడక వేసింది. పొద్దున్నే లోవమ్మ రేవు నుంచి సరుకు తెచ్చి ఐసు పెట్టెలో సర్దుతుంటే ఆయన బయటికొచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైరు నొక్కి చూశాడు. అలవాటుగా చెయ్యి చాపాడు.

"తాళం ఇటియ్యి. నే పోయొత్తాను."

"నీకు ఇళ్లు తెలీవు కదా మావా," అంది లోవమ్మ ఐసు ముక్కలు సర్దుతూ.

"చెబితే తెలుత్తాయి."

"నాలుగో గుమ్మం ఆవిడకి తలకాయ వద్దు. పదకొండో గుమ్మం ముసలాయనకి తలకాయే కావాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి బొమ్మిడాయిలు తోలు తీసి ఇవ్వాలి. అయిదేళ్లు పట్టింది నాకు ఇదంతా తెలియడానికి. నువ్వు మొదలెడితే నీకూ అయిదేళ్లు పడతాది."

అమ్మిరాజు తల్లి వంక చూశాడు. సంపూర్ణమ్మ మనవరాలి జడ అల్లుతూ, చూపు జడ మీంచి ఎత్తలేదు.

"అమ్మా, నువ్వు చెప్పవే."

"ఐసు పెట్టె మీద ఏం రాసుందో చదువు," అంది ఆవిడ. "నాకు చదువు రాదు."

ఆయన చదివాడు. పైకి కాదు. వచ్చి గడప మీద కూర్చున్నాడు. లోవమ్మ గ్లాసులో టీ పోసి పక్కన పెట్టింది. కోపం ఎక్కడా లేదు ఆమె మొహంలో. పొద్దెక్కుతోందన్న తొందర తప్ప. "బేబీని చూడాలనిపిస్తే రా మావా. దానికి నువ్వు తండ్రివి, కాదనేవాళ్లెవరూ లేరు. వచ్చినప్పుడు దాని ఫీజులో నీ వంతు పట్టుకురా," అంది.

టీ తాగి సంచి భుజానేసుకున్నాడు. వీధిలోకొచ్చాక ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగాడు.

"సరే, రాజమండ్రి స్టేషను దాకానైనా దింపుతావా?"

లోవమ్మ బండి వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే ఆలోచించింది పాపం.

"ఎక్కడ కూకుంటావు మావా? వెనక సీటు లేదు."

ఆయన పాసింజరుకు నడిచాడు. ఆ రోజు, ఎందుకో ఏమో, పాసింజరు ముందే వచ్చింది.

లోవమ్మ చుట్టకుదురు తడిపి నెత్తిన పెట్టుకుని, దాని మీద హెల్మెట్ తగిలించింది. బండి తోలడానికి ఇప్పుడు కుదురు అక్కర్లేదని మాస్టారు చెబుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం మానలేదు. నెత్తి చల్లగా ఉంటుందని చెప్పింది. రేవు వీధి దాటి, వంతెన మీదికి ఎక్కింది. ఆ వంతెనకు పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. సగం దూరం పోయేసరికి కాళ్ల కింద వంతెన దడదడలాడింది. పాసింజరు వెళ్తోంది. పదిహేడేళ్లు ఆ కింద ఇనప ఊచల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా చూసిన గోదావరి, ఇక్కణ్ణించి అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒక్కటిగా కనపడింది. పక్కకు తిరిగి చూడాలనిపించింది. మెడ తిప్పితే కుదురు జారుతుందని ఎదురుగానే చూసింది.

ఫోను మోగింది. బండి ఆపలేదు. తొలి గుమ్మం ముందు నిలబడ్డాకే తీసింది.

"లోవమ్మా, శీలావతి ఇవాళైనా ఎనిమిదిలోపు వస్తుందా?"

"తలుపు తియ్యండమ్మగారూ," అంది. "కాలింగ్‌బెల్లు కొడుతోంది నేనే."